రాజారాం బొంద ఎవరు తవ్వాలె

రాజారాం చచ్చిపోయాడన్న కబురు వచ్చేసరికి బాలరాజ్ బీడీ కార్ఖానా గడప మీద నిలబడి ఏజెంటుతో కొట్లాడుతున్నాడు. వాడలో బీడీలు చుట్టే పోసవ్వ రెండు రోజులు నడుము వంచి చుట్టిన కట్టల్లో సగం ‘ఛాట్’ అని ఏజెంటు పక్కకు నెట్టేశాడు. ఛాట్ అంటే పనికిరాని బీడీలు. పనికిరావంటాడు, కూలీ కోస్తాడు, కానీ బీడీలు మాత్రం తిరిగి ఇవ్వడు. సాయంత్రానికి అవే బీడీలు మంచి వాటితో కలిసి లారీ ఎక్కుతాయి. ఈ మాయ బాన్సువాడలో చంటిపిల్లలకు కూడా తెలుసు. అది తొంభై నాలుగో సంవత్సరం. సర్కార్లు మారుతున్నాయి గానీ ఛాట్ మారలేదు.

“పనికిరాకుంటే నా కండ్ల ముంగట కాలితోని తొక్కు,” అంటున్నాడు బాలరాజ్. “తొక్కవు. ఎందుకు తొక్కవు సేటూ? జెప్పు!”

అప్పుడే చందర్ సైకిలు దిగాడు. యూనియన్‌లో బాలరాజ్ తర్వాత గొంతు ఉన్నవాడు అతనే.

“అన్నా, రాజారాం సచ్చిపోయిండు. అంజవ్వ గుడిసెల.”

“పీడ వొయ్యింది.”

“అంతటితోని అయితలేదన్నా. గంగారాం మనిషిని తోలిండు. బాలయ్య కొడుకుకు జెప్పుండ్రి, బొంద తవ్వమనుండ్రి అన్నడట.”

ఏజెంటు మూతి పక్కకు తిప్పి నవ్వాడు. ఆ నవ్వే ఎక్కువైంది. బాలరాజ్ చెవుల దాకా వేడెక్కిపోయాడు. పోసవ్వ కట్టలు లెక్కలోకి తీసుకునేదాకా కదలనన్నవాడు, ఆ మాట మధ్యలోనే వదిలేసి చందర్ సైకిలు లాక్కొని వాడ దారి పట్టాడు.

బాలయ్య అంటే బాలరాజ్ తండ్రి. బేగరి. ఊళ్ళో ఎవరు చచ్చినా బొంద తవ్వడం, కట్టెలు మోయడం బేగరి వంతు. దాన్ని పని అంటే పనికే అవమానం. అది వెట్టి. ఒక సారా సీసా, శవం మీద కప్పిన గుడ్డ చేతిలో పడేస్తే మళ్ళీ చావు దాకా నోరు మూసుకోవాలి. తాతల కాలంలోనే వాడంతా క్రీస్తును నమ్ముకుంది. ఆదివారం చర్చిలో కొత్త మనుషులం అని పాడుకునేవాళ్ళు. సోమవారం దొర పిలిస్తే పాత మనుషులే.

పిలిచేవాడు రాజారాం. దొర గడీలో కర్ర పట్టుకున్న మనిషి. వాడలో అడుగు పెడితే మైల కదా, అందుకని మొదట్లోనే నిలబడి కర్రతో నేలను కొట్టి, “అరే బాలిగా, పార పట్టుకొని రారా!” అని అరిచేవాడు. ఒక వానాకాలం బాలయ్య చలిజ్వరంతో బొంత కింద వణుకుతూ పడున్నాడు. రాలేనన్నాడు. ఆ ఒక్కరోజు రాజారాంకు మైల అడ్డం రాలేదు. తడిక తన్ని లోపలికి వచ్చి బాలయ్యను జుట్టు పట్టి లేపాడు. ఆ జ్వరంతోనే మోకాలి లోతు నీళ్ళలో నిలబడి బాలయ్య ఎవరికో బొంద తవ్వాడు. నాలుగో నాడు ఆయన బొంద ఆయన తమ్ముడు తవ్వాడు. బాలరాజ్‌కు అప్పుడు పందొమ్మిదేళ్ళు.

కొన్నేళ్ళకు బాలరాజ్ వాడ మొత్తాన్ని చర్చిలో నిలబెట్టి ఒట్టు వేయించాడు. ఎవడు పిలిచినా బొంద తవ్వం, డప్పు కొట్టం, చచ్చిన గొడ్డును ఈడ్వం. మన వాళ్ళు పోతే మన చుట్టాలమే తవ్వుకుంటాం, అంతే. దొర మూడు నెలలు వాడకు కూలి బందు చేయించాడు. దుకాణాల్లో ఉప్పు పుట్టలేదు. ఆడవాళ్ళు చెరువు గట్టున ఆకులు తెంపి ఉడకేసి పెట్టారు. వాడ లొంగలేదు. ఆ ఒట్టుకు పదమూడేళ్ళు. బాలరాజ్ బతుకులో గెలిచిన కొట్లాట అదొక్కటే అనుకున్నా తప్పు లేదు.

తర్వాత దొర పట్నం పోయాడు, గడీకి తాళం పడింది. కర్ర పట్టిన రాజారాంకు పెద్దరోగం, అంటే కుష్ఠు, వచ్చింది. దవాఖాన మందుతో రోగమైతే పోయింది, పోయిన వేళ్ళు మాత్రం రాలేదు. పోయిన ఇల్లు కూడా రాలేదు. తమ్ముడి కొడుకు గంగారాం బజారులో బట్టల దుకాణం నడుపుతాడు. గిరాకీ చెడుతుందని పెద్దనాయనను ముందు పశువుల కొట్టంలోకి, తర్వాత రోడ్డు మీదికి తోశాడు. వాడి కులంవాళ్ళు ఒక్కరూ తలుపు తీయలేదు. తీసింది అంజవ్వ.

అంజవ్వ ఇరవై ఏళ్ళు పెద్దరోగం దవాఖానలో ఆయాగా చేసిన ముసలిది. వెనకా ముందూ ఎవరూ లేరు. రోజూ పొద్దున్నే రాజారాం పుండ్ల కాళ్ళను నీళ్ళలో నానబెట్టి, చచ్చిన తోలు రాయితో మెల్లగా గీకి, నూనె రాసి గుడ్డ చుట్టేది. ఇది రెండేళ్ళు సాగింది. మొదట్లోనే బాలరాజ్ చర్చి మీటింగులో లేచి అరిచాడు, “వాన్ని తెచ్చి మన వాడల పెడ్తవా? సిగ్గులేదా అవ్వా నీకు?”

“నీ ఇంట్ల పెట్టమంటలేను గద కొడుకా,” అన్నదామె. అంతే.

ఒకసారి దారిలో రాజారాం ఎదురుపడి, వేళ్ళు లేని రెండు చేతులూ దగ్గరికి చేర్చి, “బాలన్నా, ఒక్క మాట...” అన్నాడు. “నీ నోటితోని నన్ను అన్న అనకు!” అని బాలరాజ్ ఉమ్మేసి వెళ్ళిపోయాడు. ఆ ఒక్క మాట ఏందో వినలేదు. వినలేదన్నది మాత్రం అన్నంలో రాయిలాగా అప్పుడప్పుడూ పంటికి తగులుతూనే ఉంది. దానికీ రాజారాం మీదే కోపం వచ్చేది.

అంజవ్వ గుడిసెలో రాజారాం చాప మీద పడుకోబెట్టి ఉన్నాడు. ఒళ్ళు కడిగి, తన పాత చీర కప్పింది. గుడిసె చుట్టూ వాడవాళ్ళు నలుగురైదుగురు ఉన్నారు గానీ ఎవరూ లోపలికి రాలేదు. రాజారాం కులంలో చచ్చినవాణ్ణి కాలుస్తారు. పెద్దరోగం వచ్చినవాణ్ణి మాత్రం కాల్చరు, పొగ తగిలిన ఇంటికి రోగం వస్తుందట, పూడుస్తారు. ఏం తెలివి! మనిషికి అన్నం పెట్టడానికి రాని కులాచారం, బొంద దగ్గరికి వచ్చేసరికి ఎంత జాగ్రత్తగా గుర్తుందో.

“ఎవడన్న పార ముట్టిండా?” అన్నాడు బాలరాజ్.

“మేం ముట్టలే అన్నా,” అన్నాడొకడు. “అంజవ్వనే ముట్టింది. కాలువ కాడికి వొయ్యింది.”

కాలువ గట్టు పక్కన చర్చివాళ్ళ బొందలగడ్డ. నల్లరేగడి. రాత్రంతా పడ్డ వానకు నేల సబ్బులాగా జారుతోంది. ఆకాశం మళ్ళీ దిగుతోంది. అంజవ్వ చీర కుచ్చెళ్ళు ఎగదోపి మోకాలి లోతు గుంటలో నిలబడి తవ్వుతోంది. డెబ్బై ఏళ్ళ ముసలిది. ఒక్క పార మన్ను తీసి గట్టున వేయడానికి రెండుసార్లు ఊపిరి పీల్చుకుంటోంది. గట్టు మీద గొడుగు పట్టుకొని పాస్టర్ రాజేంద్రప్రసాద్ నిలబడి ఉన్నాడు. కృష్ణా జిల్లా నుంచి వచ్చి కోటగిరి పక్కన స్థిరపడ్డ రైతుల ఇంటి బిడ్డ. క్రీస్తును నమ్మి, ఇంట్లోవాళ్ళతో తెగతెంపులు చేసుకొని పాస్టరైనవాడు. మంచివాడే. కానీ ఆ చెప్పులకు ఇంతవరకు మన్ను అంటలేదు.

“అవ్వా, బయటికి రా,” అన్నాడు బాలరాజ్. “ఒట్టు మర్సినవా?”

“మర్వలే.”

“మరి గిదేంది?”

“బొంద.”

“నవ్వులాటనా? గంగారాం నాకు కబురు తోలిండు తెలుసునా? బాలయ్య కొడుకు తవ్వాలెనట! వాడు మనిషిని తోలుడు, నువ్వు తవ్వుడు! రేపటి సంది ఊరంత మళ్ళ మన గడప ముంగట కర్ర పట్టుకొని నిలవడ్తరు. పదమూడేండ్లు గంజి తాగి నిలవెట్టుకున్నం, నువ్వు ఒక్క పొద్దుల కూలగొడ్తున్నవ్!”

అంజవ్వ పార నేలకు ఆనించి నిలబడింది. “గంగారాం నాకు కబురు తోలలేదురా. నన్నెవడూ పిలువలే. వాడు పిలువక ముందే నేను దిగిన.”

పాస్టర్ గొంతు సవరించుకున్నాడు. “బాలరాజ్ గారూ, కోపం వద్దండి. ఇప్పుడు కావలసింది తగ్గింపు, అంటే వినయం. ప్రభువంతటివాడే శిష్యుల కాళ్ళు కడిగాడు. ఎంతైనా మీ వాళ్ళకి ఇది అలవాటైన పనే కదండీ...”

ఆ మాట నోట్లోంచి పడ్డాక పాస్టర్‌కే తెలిసింది, పడకూడని మాట పడిందని. అప్పటికే బాలరాజ్ అతని మీదికి పోయాడు.

“అలవాటా! అలవాటు ఎవడు జేసిండు అయ్యగారూ? మా నాయిన కడుపుల వుట్టంగనే పార పట్టుకొని వుట్టిండా? కాళ్ళు కడిగింది ప్రభువు. మీరు నా కాళ్ళు కడుగుండ్రి అని శిష్యులకు జెప్పలే! మరి మీరు తగ్గింపు అని ఎప్పుడు జెప్పినా కిందున్నోనికే ఎందుకు జెప్తరు? ఇంక యాడికి తగ్గాలె మేము? మన్నులకా? గంగారాంకు జెప్పిండ్రా? మీ కోటగిరి పటేండ్లకు జెప్పిండ్రా ఎన్నడన్న?”

పాస్టర్ గొడుగు ఈ చేతి నుంచి ఆ చేతికి మార్చుకున్నాడు.

“మాకు అలవాటైన పని. మీకు అలవాటు లేదు గద. మరి మీకే జర్రంత అక్కర ఉంటది,” అని బాలరాజ్ గట్టు మీది గడ్డపార తీసి అతని చేతిలో పెట్టాడు. “దిగుండ్రి. తగ్గుండ్రి.”

అతను పారిపోతాడనుకున్నాడు. రాజేంద్రప్రసాద్ ఒక్క నిమిషం గడ్డపారను చూశాడు. గొడుగు మడిచి కింద పెట్టాడు. చెప్పులు విడిచాడు. ప్యాంటు మడుచుకొని గుంటలోకి జారాడు.

జారాడంటే నిజంగానే జారాడు. వెల్లకిలా పడ్డాడు. అంజవ్వ చెయ్యిచ్చి లేపింది. “మెల్లగ అయ్యగారూ, మీ బొంద గాదు గిది,” అంది. అప్పటికి వెనకే నడిచొచ్చిన చందర్ ఫక్కున నవ్వాడు. బాలరాజ్ నవ్వలేదు. నవ్వితే ఓడిపోతానని భయం.

పాస్టర్ తవ్వడం చూస్తుంటే ఒళ్ళు మండింది. గడ్డపారను కట్టె పుల్లలాగా పట్టుకున్నాడు. గోడలు నిట్టనిలువుగా కోస్తున్నాడు. పెల్లగించిన మన్నంతా చేతులతో ఎత్తి అంచుకే పోస్తున్నాడు. నల్లరేగడిలో, అందులోనూ వానలో, అట్లా తవ్వకూడదు. మెట్టు మెట్టుగా కోసుకుంటూ దిగాలి. మన్ను మూడడుగుల దూరం విసరాలి. నీళ్ళు పోవడానికి కాళ్ళ వైపు వాలు పెట్టాలి. ఇవన్నీ బాలరాజ్‌కు తెలుసు. చిన్నప్పుడు తండ్రి వెంట పోయి నేర్చుకున్నాడు. నేర్చుకున్నానని పెండ్లానికి కూడా ఎన్నడూ చెప్పలేదు. ఊళ్ళో అంత మంచి బొంద తవ్వే మనిషి లేడని తన తండ్రిని లోకం మెచ్చుకుంటే, ఆ మెప్పు కూడా ఉమ్మినట్టే అనిపించేది.

“అంచుకు పొయ్యకు!” అని అరిచాడు ఉండబట్టలేక. “దూరం ఎయ్యి. అవ్వా, నువ్వు ఆ గోడకు ఆనకు... అరే, గట్లగాదు!”

“నోటితోని తవ్వుడు మస్తు సులువున్నదిరా నీకు,” అంది అంజవ్వ.

గుంట నడుము లోతు దాటేసరికి గోడ కూలింది. అంచున పోసిన తడిమన్ను, దాని కింది గోడ కలిసి ఒక్కసారి జారి అంజవ్వను తొడల దాకా కప్పేశాయి. ముసలిది వెనక్కి, ఎదుటి గోడకు వాలిపోయింది. పాస్టర్ “అయ్యో, అయ్యో” అంటూ చేతులు ఆడిస్తున్నాడు.

బాలరాజ్ ఎప్పుడు దూకాడో అతనికే తెలియదు. పాస్టర్ చేతిలోని గడ్డపార పక్కకు తోసి, రెండు చేతులతో మన్ను తోడాడు. ఆమె కాలి ఎముకకు పార తగులుతుందేమోనని వేళ్ళతోనే తోడాడు. గోళ్ళు లేచాయి. ఆమెను చంకల కింద పట్టి పైకెత్తి గట్టున కూర్చోబెట్టాడు. అంజవ్వ కాళ్ళు కదిలించి చూసుకుంది. “ఉన్నయ్ లే,” అంది.

ఇగ తను కూడా ఎక్కాలి. గట్టు మీద చేతులు ఆనించాడు. సరిగ్గా అప్పుడే కాలువ గట్టు మీద మోపెడ్ ఆగింది. గంగారాం దిగాడు. ముక్కుకు దస్తీ కట్టుకొని, దూరంగానే నిలబడి, ఒక సీసా, మడత పెట్టిన కొత్త తెల్లగుడ్డ నేల మీద పెట్టాడు. గుంటలో ఉన్న మనిషిని చూసి మొహం విప్పారింది.

“ఆఁ! గిట్లుండాలె. యూనియన్ గీనియన్ అనుకుంట తిరిగినా, బాలయ్య కొడుకు అయ్య పని మర్వలే.”

చందర్, “అన్నా, ఎక్కు బయటికి,” అన్నాడు గొంతు తగ్గించి. “ఎక్కు. వాడు సూస్తుండు.”

ఎక్కితే ఒట్టు నిలుస్తుంది. గంగారాం మొహం మాడుతుంది. గుడిసెలో శవం దిక్కులేక పడుంటుంది, ఈ ముసలిది మళ్ళీ గుంటలోకి దిగుతుంది. ఎక్కకపోతే బాలయ్య కొడుకు మళ్ళీ బేగరి. బాలరాజ్ చేతులు గట్టు మీదే ఉన్నాయి. ఒంట్లో నరం నరం ఎక్కు ఎక్కు అంటోంది. ఇరవై ఏళ్ళుగా ఆ నరాలు అతనికి చెప్పిన మాట అదొక్కటే. తలెత్తు, వంగకు, ఎవని ముందూ వంగకు. తప్పు మాట కాదది. కానీ ఇప్పుడు ఎవరి ముందు వంగినట్టు? గంగారాం మొహం చూసి ఎక్కినా, గంగారాం మొహం చూసి తవ్వినా, తనను ఆడించేది గంగారామే కదా! ఆ సంగతి తట్టగానే బాలరాజ్‌కు ముందుకంటే ఎక్కువ కోపం వచ్చింది. తన మీద.

గట్టు మీది నుంచి చేతులు తీసేశాడు. వంగి పార అందుకున్నాడు.

“గంగారాం!” అన్నాడు. “నీ సీసా తీస్కపో. నీ గుడ్డ తీస్కపో. నువ్వు పిలిస్తె వొచ్చినోన్ని గాదు నేను. నువ్వు రేపు సస్తె, నీ కొడుకులు కబురు తోలితె రాను. రాను గాక రాను. గీయనకు ఎవలు లేరు గాబట్టి తవ్వుతున్న. నీకు రక్తం ఉంటే, గా దస్తీ తీసి ఇటు రా. నీ పెద్దనాయన కాళ్ళు పట్టుదువు.”

“నాకేం పట్టింది...” అని గంగారాం గొణిగాడు. సీసా అక్కడే వదిలేసి మోపెడ్ ఎక్కబోయాడు. చందర్ సీసా తీసి రాయికేసి కొట్టాడు. గుడ్డ అతని మోపెడ్ మీదికి విసిరాడు. అప్పుడు గానీ ఆ బండి కదలలేదు.

కానీ చందర్ బాలరాజ్ మీద కూడా మండిపడుతూనే ఉన్నాడు. “నువ్వే ఒట్టు పెట్టిచ్చి నువ్వే తీస్తివి. ఇగ మాకేం జెప్తవ్ అన్నా? ఎవడు పిలువకున్నా పోవాల్నా మేము?”

జవాబు చెప్పింది బాలరాజ్ కాదు. బీడీ బుట్ట చంకన పెట్టుకొని అప్పుడే అక్కడికి చేరిన పోసవ్వ. “పొద్దుగాల కార్ఖానాల నా ఛాట్ కోసం మీ అన్న గొంతు సించుకున్నడు. ఎవలు పిలిస్తె వొచ్చిండురా? నేను పిలిచిన్నా? నాకు భయమై మూలకు నిలవడ్డ. ఆయనే వొచ్చిండు.” బుట్ట కింద పెట్టి చందర్‌ను మోచేత్తో పొడిచింది. “నువ్వు తవ్వకు, ఒట్టు మీదుండు. మొయ్యనన్న మొయ్యి. మొయ్యొద్దని ఒట్టు లేదు గద.”

చందర్ మొహం గంటు పెట్టుకొనే పోసవ్వ వెంట వాడ వైపు నడిచాడు.

బాలరాజ్ తవ్వాడు. మెట్టు మెట్టుగా కోశాడు. మొదట ప్రతి పారకూ ఒక తిట్టు ఉంది. దొరకొకటి, గంగారాంకొకటి, తడిక తన్నిన రాజారాంకొకటి. తిట్టుకుంటూనే కాళ్ళ వైపు వాలు చూసుకున్నాడు, తల వైపు మన్ను అరచేత్తో సదును చేశాడు. పాస్టర్ తట్టలో మన్నెత్తి పైకి అందిస్తున్నాడు. చెప్పినట్టు వింటున్నాడు. ఛాతీ లోతు వచ్చేసరికి తిట్లు అయిపోయాయి. ఎప్పుడు అయిపోయాయో బాలరాజ్ గమనించలేదు. ఊపిరి, పార చప్పుడు, కాలువ నీళ్ళ చప్పుడు అంతే మిగిలాయి. తండ్రి చేతులు గుర్తుకొచ్చాయి. జుట్టు పట్టి ఈడ్పించుకున్న తండ్రి కాదు, గోడ ఎంత వాలుగా కోయాలో అరచెయ్యి పెట్టి చూపించిన తండ్రి. ఆ మనిషిని ఇన్నేళ్ళు సిగ్గుతో తనే పూడ్చిపెట్టాడు.

చందర్, పోసవ్వ, గుడిసె దగ్గరి వాడవాళ్ళు ఇద్దరు కలిసి రాజారాంను చాపతో సహా మోసుకొచ్చారు. పైనుంచి దించితే కింద అందుకునే మనిషి కావాలి. బాలరాజ్ గుంటలోనే ఉన్నాడు. శవం అతని ఛాతీ మీదికి వచ్చింది. ఇంత తేలికా ఈ మనిషి! అంజవ్వ కప్పిన చీర జారి, వేళ్ళు లేని చెయ్యి ఒకటి అతని భుజానికి తగిలింది. బాలరాజ్ దులపలేదు. ఆ చెయ్యి తీసి రాజారాం పొట్ట మీద పెట్టి, చీర సరిచేశాడు.

“జెప్పు మరి,” అన్నాడు ఎవరికీ వినపడకుండా. “నా కాడ ఏం జెప్పాల్ననుకున్నవో జెప్పు.”

చచ్చినవాడు ఏం చెబుతాడు. అయినా అతను చెప్పి ముగించేదాకా వింటున్నట్టే బాలరాజ్ ఆగి, తర్వాతే పైకెక్కాడు. క్షమించానని అనుకోలేదు. ఆ మాట అతనికి పెద్దదిగా తోచింది. కానీ గుండెలో ఎప్పుడూ బిగించి ఉండే పిడికిలి కోసం వెతుక్కుంటే దొరకలేదు.

పాస్టర్ చిన్నగా ప్రార్థన చేశాడు. ఎప్పటిలాగా గొంతెత్తలేదు. మన్ను పూడ్చాక అందరూ కాలువలో కాళ్ళూ చేతులూ కడుక్కుంటుండగా అతను బాలరాజ్ దగ్గరికి వచ్చి, “బాలరాజ్ గారూ, నేనన్న మాట తప్పండి. క్షమించండి,” అన్నాడు. ఆ వెంటనే, “మీరు ఆదివారం చర్చిలో సంఘం ముందు నిలబడి ఈ అనుభవం సాక్ష్యంగా చెబితే బాగుంటుంది. ఎంతమందికో...”

“సాక్ష్యం లేదు, గీక్ష్యం లేదు,” అన్నాడు బాలరాజ్. “చేసిన పనిని గద్దెక్కి చాటితె మళ్ళ నేను దొరనే గద. ఆదివారం నాకు కార్ఖానా ముంగట ధర్నా ఉంది. మీరు వొస్తరా?”

“వస్తానండి.”

“సూద్దాం. ఏదీ, చేతులు సూపియ్యుండ్రి.”

రాజేంద్రప్రసాద్ అరచేతులు బొబ్బలు లేచి, రెండు చోట్ల పగిలి నీరు కారుతున్నాయి. బాలరాజ్ తిట్టుకుంటూ తన భుజం మీది తువ్వాల కొస చింపాడు. “గడ్డపారను గట్ల పట్టుకుంటరా ఎవరన్న? బొటనవేలు పైకుండాలె,” అంటూ నీళ్ళలో ముంచి, ఆ చేతులు ఒక్కొక్కటిగా తుడిచాడు. అంజవ్వ గట్టున కూర్చొని, తన కాళ్ళకు పట్టిన రేగడి మన్ను పెచ్చులు పెచ్చులుగా ఊడదీసుకుంటోంది. చినుకులు మొదలయ్యాయి. కట్టు ముడి వేసి, బాలరాజ్ లేచి ఆమె దగ్గరికి పోయి, కింద కూర్చొని ఆమె కాలు తన ఒళ్ళో పెట్టుకున్నాడు.